లెక్కల మేష్ట్రుకు డిగ్రీ అడగాల్సిందే

ఆంధ్ర హద్దున ఉన్న మన ఊళ్ల బడులకు లెక్కల మేష్ట్రు దొరకడం లేదు, డిగ్రీ నిబంధన సడలించమని ప్రభుత్వాన్ని అడుగుదామని మనలో కొందరు అంటున్నారు. మేము ఒప్పుకోం.

ఐదో తరగతి దాకా చెప్పడానికి పీయూసీ, డీఎడ్, టెట్ చాలు. ఆరు నుంచి ఎనిమిదికి డిగ్రీ ఉండాలని 2010లో ఎన్‌సీటీఈ చెప్పింది, కానీ ఏ సబ్జెక్టో చెప్పలేదు. 2009 విద్యాహక్కు చట్టమైతే సైన్సుకూ లెక్కలకూ కలిపి కనీసం ఒక్క టీచరుంటే చాలంది. ఆ లెక్కన చెట్టూ చేమా చదివినవారు కూడా బీజగణితం చెప్పేయొచ్చు! కర్ణాటక నయం, ఆ పోస్టుకు డిగ్రీలో గణితం చదివి ఉండాలంటుంది. ఆ కాస్త కట్టడినీ మనమే తీసేయమంటామా? అంకె ఉండాల్సిన చోట అక్షరం ఎందుకొచ్చిందో ఆరో తరగతిలో అర్థం కాని పిల్ల, ఎస్సెస్సెల్సీ దాకా బట్టీ పడుతూనే ఉంటుంది. కాన్వెంటుకు పంపగలవారికి ఈ బాధ లేదు. కూలికి పోయేవారి పిల్లలకే.

2022లో రాష్ట్రం ఈ తరగతులకు 15,000 పోస్టులు పిలిచింది, అందులో 5,000 కల్యాణ కర్ణాటకకే. అన్నీ నిండలేదు. 371జె మనకు ఉండీ ఏం లాభం? పీయూసీ సైన్సు అవగానే మన పిల్లలు ఇంజనీరింగుకు పోతారు, మన సంఘం స్కాలర్‌షిప్పులూ అటే పోతాయి. ఈ ఏడాది రెండైనా బీఎస్సీ గణితం, బీఎడ్ చదివేవారికి ఇవ్వమని కమిటీని కోరుతున్నాం. ఆదోని, అనంతపురంలో చదువుతున్న పిల్లలు కన్నడం మాత్రం వదలకండి. ఇక్కడ ఎక్కువ బడుల్లో లెక్కలు చెప్పాల్సింది కన్నడంలోనే.