పిల్లల వివరాలు: ఎవరికి, ఎంతవరకు?

ఇస్లాం స్వీకరించిన వారి పేర్లు రాయమని దైవప్రవక్త (సఅసం) ఆదేశించగా 1500 మంది పురుషుల పేర్లు నమోదైన సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. ఉల్లేఖించినవారు హజ్రత్ హుజైఫా (రజి). కపట విశ్వాసుల పేర్లను ప్రవక్త (సఅసం) రహస్యంగా తెలిపింది కూడా ఆయనకే. ఆ పేర్లను ఆయన హజ్రత్ ఉమర్ (రజి) ముందు సైతం విప్పలేదు. లెక్క అందరికీ చెప్పిన వ్యక్తే పేర్లను గుండెలో దాచుకున్నారు.

తెనాలి ప్రాంతపు ఒక మహల్లాలో పదో తరగతి తప్పిన పిల్లల పేర్లను, తండ్రుల పేర్లతో సహా, జుమా నాడు నోటీసు బోర్డుకు అంటించారు. ఉద్దేశం మంచిదే: సప్లిమెంటరీ పరీక్షకు ఉచితంగా ట్యూషన్ చెప్పించడం. అందులో ఒక అమ్మాయి ట్యూషన్‌కు రానేలేదు. "మౌలానా సాబ్, చదువు మాట అటుంచండి, పిల్ల గడప దాటడానికే సిగ్గుపడుతోంది" అన్నారు ఆమె తల్లి. ట్యూషన్ చెప్పే ఉపాధ్యాయునికి తప్ప ఆ పేరు ఎవరికి అవసరం? కమిటీకి సంఖ్య చాలు. దాతకు ఫీజు మొత్తం చాలు. అనాథ బిడ్డ ఫొటో, ఆధార్ నకలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగనక్కరలేదు. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సైతం 18 ఏళ్లలోపు వారి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కోరుతోంది. అమానత్ గురించి చదువుకున్న మనకు ఇది చట్టం చెప్పేదాకా తోచకపోవడం విచారకరం.

అలాగని లెక్కలే వద్దనరాదు. ముస్లిం పిల్లలంతా మదరసాలకే వెళతారనే అపోహను 2006లో సచార్ కమిటీ అంకెలతోనే తొలగించింది. బడి వయసు పిల్లల్లో మదరసాల్లో ఉన్నది సుమారు 3 శాతమే. మన రాష్ట్రంలో 2005 నాటి 5 శాతం రిజర్వేషన్‌ను హైకోర్టు కొట్టివేసింది. వెనుకబాటును నిర్ధారించిన పద్ధతి నిలవలేదు. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక తరువాతనే 4 శాతం చట్టం వచ్చింది.

అయితే లెక్కను విడదీసి చూడాలి. షేక్‌లు బీసీ-ఇ, దూదేకులవారు బీసీ-బి, మెహతర్లు బీసీ-ఏ. సయ్యద్, పఠాన్‌లకు ఆ రిజర్వేషన్ లేదు. అందరినీ ‘ముస్లిం’ అనే ఒకే గడిలో వేస్తే వెనుకబడిన బిడ్డ కనిపించదు. ఆడపిల్లల లెక్క వేరుగా లేకపోయినా అంతే. మరొక చిక్కు: 2022 ఏప్రిల్ నుండి బాపట్ల, రేపల్లె బాపట్ల జిల్లాలో ఉన్నాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. పాత గుంటూరు అంకెలను కొత్త జిల్లా అంకెలతో పోల్చి "మనవాళ్లు తగ్గిపోయారు" అని వాపోవడం అర్థరహితం.

ఇక సర్వే ముగిశాక ఫలితం ఎవరికి చేరుతోంది? గుమ్మంలో నిలబడి వివరాలు చెప్పింది తల్లులు. మింబర్ నుండి వినేది జుమాకు వచ్చిన మగవారు. నివేదిక ఉర్దూలో ఉంటే తెలుగు మాత్రమే చదివే దూదేకుల ఇళ్లకు అది అందదు. ఎంతమంది చదువు ఆపారో, ఏ తరగతిలో ఆపారో, కమిటీ ఏమి చేయబోతోందో తెలుగులో ఒక్క పేజీ రాసి, పేర్లు లేకుండా, ఇంటింటికీ పంపండి. షవ్వాల్‌లో మదరసాలు తెరిచేలోగా ఆ కాగితం తల్లుల చేతికి చేరాలి.