తూము తెరిచిన చేతికి నీటిలో వాటా ఏది?

వికారాబాద్ చేరువలోని అనంతగిరి కొండల్లో రెండు నదులు పుడతాయి. మూసీ తూర్పుకు సాగి, హైదరాబాద్ దాటి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. కాగ్నా పడమటికి మళ్ళి, తాండూరు మీదుగా కర్ణాటకలోని భీమను చేరి, దానితోపాటు అదే కృష్ణలో కలుస్తుంది. 1908 వరదల నుంచి నేటి ప్రక్షాళన దాకా మూసీపై చర్చ సాగుతూనే ఉన్నది. ఈ నదుల పరివాహకంలోని ఊరి చెరువులను కాచిన మనుషులు మాత్రం ఆ చర్చలో అరుదుగా కనిపిస్తారు.

మా తాత తాండూరు వైపు ఒక ఊరి చెరువుకు నీరడి. తెలంగాణ పల్లెల్లో ఈ పని ఎక్కువగా దళిత కుటుంబాలదే. వానాకాలపు రాత్రుల్లో గండి పడకుండా కట్ట కాయడం, తూము తెరిచి మూయడం, చివరి మడికీ నీరు అందేలా చూడడం ఆయన బాధ్యత. ఆయకట్టులో ఆయనకు గుంట భూమి లేదు. కళ్ళంలో కొలిచి పెట్టిన గింజలే జీతం. ఊరి పొలాలన్నిటికీ నీరు పారించిన ఆ మనిషిని ఊరి బావి దగ్గరికి రానిచ్చేవారు కారు. 1927లో మహద్ చెరువు వద్ద అంబేడ్కర్ నీరు తాగే హక్కును అడిగారు. నీటి పంపకంలో అధికారం ఎవరిదన్న ప్రశ్న మా ఊరి తూము దగ్గర అలాగే మిగిలిపోయింది.

బోరుబావులు వచ్చాక ఆ ప్రశ్న మరింత జటిలమైంది. చెరువు ఊరి ఉమ్మడి ఆస్తి. భూగర్భ జలమో, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం నుంచి వస్తున్న సూత్రం ప్రకారం, పైనున్న భూమి యజమాని వశం. భూమి ఏ కులాల చేతిలో ఉన్నదో నీరూ ఆ కులాలకే చేరింది. మోటారు మీట నొక్కేవారికి నీరడితో పనిలేకపోయింది. జలమట్టం పడిపోతే స్తోమత ఉన్నవారు ఇంకా లోతుకు బోరు వేస్తారు. భూమిలేనివారికి ఆ దారీ లేదు.

1997 నాటి నీటి సంఘాల చట్టం ఓటును ఆయకట్టు భూమితోనే ముడిపెట్టింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పూడిక తీసింది. ఆ ఒండ్రు కూడా భూమి ఉన్నవారి పొలాలకే ఎరువైంది.

నీటికి కులమేమిటని మిత్రులు అడుగుతారు. నీరు పారే భూమి ఎవరి పేరున ఉన్నదో పట్టాదారు పుస్తకాలు తెరిచి చూస్తే జవాబు దొరుకుతుంది. చెరువు సంఘాల్లో భూమిలేని కుటుంబాలకూ ఓటు ఉండాలి. నీరడి పనిని జీతమున్న ఉద్యోగంగా గుర్తించి, తరతరాలుగా ఆ పని చేసిన కుటుంబాలు కోరుకుంటే వారికి ప్రాధాన్యమివ్వాలి. నగరంలో మూసీ ప్రక్షాళనకు పూనుకున్న పాలకులు, అది పుట్టిన చోట ఈ బాకీ తీర్చడంతో ఆ పని మొదలుపెట్టాలి.