తెర మీద బొమ్మ... తెర వెనక గొంతు

సినిమా మొదలయ్యే ముందు ఒక గొంతు వినిపించేది. తెర మీద నలుపు తెలుపు బొమ్మ. ఎక్కడో ఆనకట్ట కడుతుంటారు. తలమీద తట్టలతో ఆడకూలీలు నడుస్తుంటారు. మంత్రిగారు రిబ్బను కత్తిరిస్తారు. వాటన్నిటి మీదుగా తడబాటు లేకుండా, ఊపిరి తీసుకుంటున్నట్టు కూడా తెలియకుండా ఓ మగ గొంతు సాగిపోయేది. రాజంపేటలోనైనా రాజమండ్రిలోనైనా టిక్కెట్టు కొన్నవాళ్లు దాన్ని విని తీరాల్సిందే. హాలు లైసెన్సు షరతు అలాంటిది. విననివాళ్లూ ఉండేవాళ్లనుకోండి. 'న్యూస్‌రీలు అయిపోయిందా?' అని గేటు దగ్గర అడిగి, అయిపోయాకే లోపలికొచ్చే తెలివైనవాళ్లకు ఏ ఊళ్లోనూ కొదవ లేదు.

ఆ బొమ్మలు తీసింది ఫిల్మ్స్ డివిజన్. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో కేంద్ర ప్రభుత్వం బొంబాయిలో పెట్టిన సంస్థ. 2022లో దాన్ని జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. అది తీసిన వేల చిత్రాల్లో ఏ బొమ్మ గుర్తుందని అడిగితే చాలామంది చెప్పలేరు. గొంతు మాత్రం గుర్తుంటుంది. డాక్యుమెంటరీ అంటే ఒక గంభీరమైన కంఠం అన్న ముద్ర అలా పడిపోయింది. ఇవాళ పెళ్లి వీడియో మొదలు పంచాయతీ ప్రచార చిత్రం దాకా ఎవరు ఏం తీసినా, చివర్లో 'మంచి బేస్ వాయిస్ ఉన్నవాళ్లెవరైనా దొరుకుతారా?' అని వెతుక్కోవడం ఆ ముద్ర చలవే.

ఇంతకీ ఆ గొంతు ఎందుకు? బొమ్మ కనిపిస్తూనే ఉంది కదా!

ఈ ప్రశ్నకు అందరికన్నా సరదాగా, అందరికన్నా గట్టిగా జవాబు చెప్పినవాడు క్రిస్ మార్కర్ అనే ఫ్రెంచి దర్శకుడు. 1957లో ఆయన 'లెటర్ ఫ్రమ్ సైబీరియా' అనే చిత్రం తీశాడు. అందులో యాకుట్స్క్ పట్టణంలోని ఓ వీధి కనిపిస్తుంది. బస్సు వెళ్తుంది. ఖరీదైన కారొకటి వెళ్తుంది. కూలీలు రోడ్డు చదును చేస్తుంటారు. ఓ మనిషి కెమెరా ముందు నుంచి నడిచిపోతాడు. అంతే. మార్కర్ ఈ ముక్కనే మూడుసార్లు చూపించాడు. మొదటిసారి గొంతు సోవియట్ దేశాన్ని ఆకాశానికెత్తింది. హాయిగా పనిచేసుకుంటున్న కార్మికులు, ఆధునిక బస్సులు అంది. రెండోసారి అదే వీధిని నరకం చేసింది. ఆ కూలీలు బానిసలయ్యారు, ఆ కారు పెద్దల విలాసమైంది. మూడోసారి అటూ ఇటూ కాకుండా, లెక్క రాసినట్టు చెప్పింది. అయితే ఆ మూడోది కూడా నిజం కాదంటాడు మార్కర్. చల్లగా చెప్పినంత మాత్రాన సంగతి మొత్తం చెప్పినట్టు కాదు మరి. ప్రేక్షకుడు మాత్రం మూడుసార్లూ కళ్లతో చూసిందే నమ్మానని అనుకుంటాడు. నిజానికి నమ్మింది చెవుల్ని.

సైబీరియా దూరమనిపిస్తే చెయ్యేరు దగ్గరికి రావచ్చు. రాజంపేట, నందలూరు పక్కగా పారి పెన్నలో కలిసే ఏరు అది. ఏప్రిల్‌లో అక్కడ కెమెరా పెడితే కనిపించేది ఇసుక. దాని మీద 'చుక్క నీటికి నోచుకోని కరువు సీమ' అని ఓ గొంతు పలికితే చూసేవాళ్లు అయ్యో అంటారు. 'ఈ ఇసుక కోసం లారీలు బారులు తీరతాయి' అంటే అనుమానంగా చూస్తారు. '2021 నవంబరులో ఈ ఏరే ఊళ్లను ఊడ్చేసింది' అంటే ఉలిక్కిపడతారు. ఇసుక మాత్రం అదే ఇసుక.

అందుకే డాక్యుమెంటరీలో వ్యాఖ్యానం రాయడం చిన్న పని కాదు. అలవాటు కొద్దీ దాన్ని చిట్టచివర, డబ్బులూ ఓపికా అయిపోయాక చేస్తారు. ఫిల్మ్స్ డివిజన్‌లో తెలుగు వ్యాఖ్యానానికి ఇంకో చిక్కుండేది. మాట ముందు ఇంగ్లిషులో రాసేవాళ్లు. బొమ్మను దానికి తగ్గట్టు కత్తిరించేవాళ్లు. ఆ తర్వాతే తెలుగూ తమిళమూ మిగతావీ వచ్చేవి. ఇంగ్లిషు వాక్యంలో కర్త పక్కనే క్రియ వచ్చేస్తుంది. తెలుగు వాక్యంలో క్రియ చివరిదాకా ఆగుతుంది. ఏం జరిగిందో చెవికి చేరేసరికి తెర మీద ఆనకట్ట పోయి గోధుమ చేను వచ్చేస్తుంది. సమయం చాలక అనువాదకులు క్రియలు తీసేసి, సమాసాలు బిగించి, 'నూతన భారత నిర్మాణ మహాయజ్ఞం' లాంటి గట్టి ఇటుకలు పేర్చేవాళ్లు. మన డాక్యుమెంటరీ తెలుగు అలా రాతి తెలుగుగా మారడానికి పాండిత్యం ఒక్కటే కారణం కాదు. సెకన్ల కొరత కూడా.

చదివేవాళ్ల తప్పేమీ లేదు. ఆ కాలానికి మంచి గొంతు అంటే కంచు గొంతే. కొంగర జగ్గయ్య ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివి, సినిమాల్లోకొచ్చి, శివాజీ గణేశన్‌కు తెలుగులో గొంతు అరువిచ్చిన మనిషి. అలాంటి కంఠం వినిపిస్తే ఎదురు మాట్లాడబుద్ధి కాదు. పేచీ అక్కడే ఉంది. ఎదురు మాట్లాడబుద్ధి కాని గొంతు చెప్పిందల్లా నిజమైపోతుంది. పాశ్చాత్యులు ఆ రకం వ్యాఖ్యానానికి 'దేవుడి గొంతు' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

ఆ గొంతు మీద తిరుగుబాటు ఫిల్మ్స్ డివిజన్ లోపలే మొదలైంది. 1967లో ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి 'ఐ యామ్ 20' తీశారు. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది పుట్టిన కుర్రాళ్లనూ అమ్మాయిలనూ కూర్చోబెట్టి దేశం గురించి అడిగారు. దేవుడి గొంతు లేదు. వాళ్లే మాట్లాడారు. ఒకరు ఆశగా, ఒకరు వెటకారంగా, ఒకరు అసలేమీ పట్టనట్టు. అదే ఏడాది సుఖ్‌దేవ్ 'ఇండియా 67'లో వ్యాఖ్యానం లేకుండానే దేశమంతా చూపించారు. సర్కారు డబ్బుతో సర్కారు గొంతును ఆపేసిన ముచ్చట అది.

అంతమాత్రాన గొంతే వద్దని తీర్మానించడం తొందరపాటు. బొమ్మ వెనక నుంచి మాట్లాడటం మనకు బొంబాయి నేర్పిన విద్య కాదు. రాయలసీమలో తోలుబొమ్మలాట ఉంది. అనంతపురం వైపు నిమ్మలకుంటలో ఇప్పటికీ ఆ కళ మీద బతికే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తెల్లగుడ్డ మీద రంగుల నీడ ఆడుతుంటే వెనక నుంచి పద్యం, పాట, మాట అన్నీ వినిపిస్తాయి. రాముడూ రావణుడూ పద్యాల్లో ఎంత గంభీరంగా పలికినా, మధ్యలో బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి పల్లె మాటల్లో వాళ్లనీ, ఊరి పెద్దల్నీ కలిపి ఆటపట్టిస్తారు. పై గొంతు ఒకటి, కింది గొంతు ఒకటి. పై గొంతు చెప్పింది కింది గొంతు ఎప్పటికప్పుడు తూకం వేస్తుంటుంది. డాక్యుమెంటరీకి కెమెరా వచ్చింది, మైకు వచ్చింది. జుట్టుపోలిగాడు మాత్రం రాలేదు.

రాకపోవడం వల్ల జరిగిన నష్టం సీమకు బాగా తెలుసు. ఎక్కడి నుంచో ఒక బృందం వస్తుంది. నెర్రెలిచ్చిన నేల, ఎండిన బావి, బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు... షాట్లు సిద్ధం. 'రాళ్ల సీమ' అని వ్యాఖ్యానమూ సిద్ధం. రాజంపేట, కోడూరు దారిలో మామిడి, అరటి, బొప్పాయి తోటలు వెంటబడి వస్తుంటాయి. ఓ పక్క శేషాచలం కొండలు, ఎర్రచందనం. వ్యాఖ్యానంలో పట్టనివి కాబట్టి అవి బొమ్మలోంచీ పోతాయి. కరువు అబద్ధమని కాదు. ఒకే వాక్యం పట్టుకుని వచ్చినవాళ్లకు ఆ వాక్యానికి సరిపడే బొమ్మలే కనిపిస్తాయి.

ఆపైన రైతు మాట. ఆయన 'నీళ్లొచ్చినాయి, చెప్పినాము, ఎవురూ పట్టిచ్చుకోల్యా' అంటాడు. రెండు ముక్కలు వినిపించి, ఆయన గొంతు తగ్గించి, పైన ఇంకెవరో 'నీళ్లు వచ్చాయి, అధికారులకు విన్నవించాం, స్పందన కరువైంది' అని చదువుతారు. తెలుగుకు తెలుగు అనువాదం! కోపం ఎగిరిపోయింది, దరఖాస్తు మిగిలింది. అర్థం కాదేమోనని భయమైతే కింద అక్షరాలు వేస్తే సరిపోయేది.

రాజంపేటకు వచ్చే కెమెరాలు ఎక్కువగా వెళ్లేది మాత్రం తాళ్లపాకకు. అన్నమయ్య పుట్టిన ఊరు. 1408లో పుట్టి 1503లో కన్నుమూసిన మనిషి గురించి చూపించడానికి ఏముంటుంది? చెన్నకేశవస్వామి గుడి, పొలాలు, రోడ్డు పక్కన 108 అడుగుల విగ్రహం. అసలు సంపద తిరుమలలో దొరికిన రాగిరేకులు. 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి, దొరికినవి 12 వేలకు పైగా. రేకు మీద రాగం పేరుంది, స్వరం లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితులు వాటిని చదివి అచ్చుకెక్కించారు. అనంతపురం జిల్లావాడైన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆ పనిలో పాలుపంచుకుని కొన్నిటికి స్వరాలు కట్టారు. అంటే ఇవాళ చెవిన పడే అన్నమయ్య బాణీల్లో చాలావాటి వయసు వందేళ్లు కూడా లేదు. ఈ సంగతి ఏ బొమ్మా చెప్పదు. గొంతే చెప్పాలి. చాలా చిత్రాలు చెప్పవు. పొలం గట్టు చూపించి, 'ఈ గట్టు మీదే బాల అన్నమయ్య పరవశించి పాడాడు' అనేస్తాయి. ఎవరు చూశారు?

తెలుగులో ఇందుకు ఒక చక్కని పనిముట్టుంది. 'ట'. పాడాడు అంటే చెప్పేవాడు పూచీ పడ్డట్టు. పాడాడట అంటే విన్నది చెబుతున్నట్టు. ఇంగ్లిషువాడు దీనికి ఓ వాక్యం అదనంగా రాయాలి. తెలుగు అమ్మమ్మలు ఒక్క అక్షరంతో తేల్చేస్తారు. గంభీర వ్యాఖ్యానానికి ఆ అక్షరం నామోషీ అయింది.

పూచీ పడి చెప్పాల్సిన చోటు వేరే ఉంది. 2021 నవంబరు 19, కార్తీక పౌర్ణమి. తెల్లవారుజామున రాజంపేట మండలంలో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు... నీళ్లు ఊళ్ల మీద పడ్డాయి. పదుల ప్రాణాలు పోయాయి. ఆ పొద్దు ఫోన్లలో తీసిన దృశ్యాలున్నాయి. ఎర్రటి నీళ్లు, మునిగిన కప్పులు, తీస్తున్నవాళ్ల కేకలు. ఆ కేకల మీద ఇంకో గొంతు అక్కర్లేదు. 'ప్రళయ ఘోష', 'కన్నీటి సంద్రం' లాంటి మాటలు పడితే చూసేవాడికి ఏడుపు ఎలా రావాలో నేర్పినట్టుంటుంది, అంతే.

అదే సమయంలో, ఎంత దగ్గరగా తీసినా ఆ దృశ్యాలు చెప్పలేనివి కొన్నున్నాయి. ఎగువన పింఛ ప్రాజెక్టు కట్ట ముందే తెగిందని నీళ్లలో కనిపించదు. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదని కేంద్ర జలశక్తి మంత్రి ఆ డిసెంబరులో రాజ్యసభలో చెప్పారు. డ్యామ్ తట్టుకోలేనంత వరద వచ్చిందన్నది అప్పటి రాష్ట్ర ప్రభుత్వం మాట. ఈ రెండూ ఎవరి మాటలో పేరుపెట్టి, తేదీతో, గొంతు పెంచకుండా చెప్పడం వ్యాఖ్యాత పని. ఇక్కడ 'ట' కుదరదు. నాజీ శిబిరాల మీద 1955లో అలాఁ రెనే తీసిన 'నైట్ అండ్ ఫాగ్'కు వ్యాఖ్యానం రాసింది ఆ శిబిరం నుంచి బతికి బయటపడ్డ కవి జాఁ కైరోల్. అంత చూసినవాడు రాసిన ఆ మాటల్లో ఒక్క కేక లేదు. గొంతు ఏడవదు, వివరాలు చెబుతూ పోతుంది. చూస్తున్నవాళ్లకు ఊపిరాడదు.

ఇప్పుడు కంప్యూటరు గొంతులు కూడా వచ్చేశాయి. అక్షరాలు వేస్తే చాలు, కంచు కంఠం బయటికొస్తుంది. ఖర్చు లేదు, దగ్గు లేదు. కేంద్ర మంత్రి చెప్పింది చదవమంటే చక్కగా చదువుతుంది కూడా. పులపత్తూరులో ఆ పొద్దు నీళ్లు ఏ వైపు నుంచి వచ్చినాయో, ముందు ఎవరు కేకేసి లేపినారో చెప్పడానికి మాత్రం మైకు పట్టుకుని ఆ ఊరి గడపకే పోవాలి. చెప్పగలిగినవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.