బీభత్సానికి ఒత్తెక్కడ?

ఉగాది కార్యక్రమం భీభత్సంగా జరిగిందని ఒకరు మెచ్చుకుంటారు. తుపాను భీభత్సం సృష్టించిందని పత్రిక రాస్తుంది. మోకాలు భీభత్సంగా నొప్పిపుడుతోందని రోగి మొరపెట్టుకుంటాడు. ముగ్గురూ మొదటి అక్షరానికే ఒత్తు తగిలిస్తారు. ఆ ఒత్తు దగ్గరే మా పేచీ.

మాట బీభత్సం. 'బధ్' ధాతువునుంచి పుట్టింది. ఒత్తు రెండవ అక్షరానిది. భీతి, భీకరం, భీషణం వంటి మాటల సావాసంవల్ల దీనికీ భయాన్ని అంటగట్టారు గాని, అసలర్థం ఏవగింపు, రోత. నాట్యశాస్త్రంలో భరతుడు భయానకాన్నీ బీభత్సాన్నీ రెండు వేర్వేరు రసాలుగా పెట్టాడు. ఒకదానికి స్థాయి భయం, రెండవదానికి జుగుప్స. కాళ్లూ చేతులూ వణకడం, మొహం పాలిపోవడం అక్కడ. మొహం తిప్పుకోవడం, ఉమ్మివేయడం ఇక్కడ. వైద్యులుగా మాకు ఇందులో తప్పేమీ కనిపించదు. భయపడ్డవాడికి గుండె దడదడలాడి నోరెండిపోతుంది. రోతపుట్టినవాడికి కడుపులో తిప్పి నోట నీరూరుతుంది. శరీరానికి తెలిసిన తేడా మన పత్రికలవారికి తెలియకపోయింది!

ఉరిమినప్పుడు మన పెద్దలు అర్జునుడి పేర్లు చదివించేవారు. వాటిలో బీభత్సుడు ఒకటి. యుద్ధంలో ఏవగించుకోదగ్గ పని చేయడు గనక తనకాపేరని విరాటపర్వంలో అర్జునుడే ఉత్తరుడికి చెబుతాడు. శత్రువులను హడలగొడతాడని కాదు. (ఉరుముకు జడిసి చదివే పేరు గనక మనకు జడుపే గుర్తుండిపోయిందేమో.)

మాటలు మారతాయి, చాదస్తం వదలండి అంటారు. కుర్రవాళ్ల మెచ్చుకోళ్లతో మాకు పెద్ద తగాదా లేదు. వాళ్లకు 'బ్రహ్మాండం' పాతబడి ఉంటుంది. రోగికి 'విపరీతం' చాలు. పత్రికలవారిని మాత్రం వదలలేం. 1977 నవంబరు 19న దివిసీమమీద విరుచుకుపడిన ఉప్పెన భయానకం. ఆ తరవాత ఉప్పునీటిలో ఉబ్బి కుళ్లిన శవాల దృశ్యం బీభత్సం. 1985 జులై 17న కారంచేడులో దళితులను వెంటాడి చంపినది అంతకన్నా బీభత్సం. అది మనుషులు చేసిన పని. గాలికి సిగ్గుండదు, మనుషులకుండాలి. దాన్నీ తుపానునూ ఒకే మాటతో రాస్తే చంపినవాళ్లు వాక్యంలోంచి మెల్లగా తప్పుకుంటారు. చదివేవాడు అయ్యో అని జడుసుకుని పుట తిప్పుతాడు, ఛీ అనడు.

మన సంఘం పిల్లలకు నడిపే తెలుగు తరగతుల్లో ఈ రెండు మాటలూ విడివిడిగా, ఒత్తు సరిగా పెట్టి చెప్పించాలని నిర్వాహకులకు మా మనవి.