బాప్తిస్మం నీళ్లు, రెండు చట్టాలు

1667లో అమెరికాలో, అప్పటికి ఇంగ్లీషువాళ్ల వలసగా ఉన్న వర్జీనియాలో ఒక చట్టం చేశారు. నల్ల బానిస బాప్తిస్మం తీసుకున్నా బానిసగానే ఉంటాడు, క్రైస్తవుడైనంత మాత్రాన వాడి సంకెళ్లు ఊడవు అని దాని సారాంశం. అంతకుముందు తెల్ల యజమానులకి ఒక భయం ఉండేది. వీడికి బాప్తిస్మం ఇప్పిస్తే మనకి సోదరుడైపోతాడేమో, సోదరుణ్ణి గొడ్డులా సంతలో ఎట్లా అమ్ముతాం అని. చట్టం ఆ భయం తీర్చింది.

1950 ఆగస్టు 10న మన దేశంలో షెడ్యూల్డు కులాల జాబితాతో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. దళిత క్రైస్తవుల్నీ, దళిత ముస్లింలనీ బయటే నిలబెట్టారు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బాప్తిస్మంతో ఏమీ మారదని అక్కడన్నారు. బాప్తిస్మంతో అంతా మారిపోయిందని ఇక్కడంటున్నారు. మాటలు తలకిందులు, లాభపడేది మాత్రం రెండుచోట్లా కామందే. అక్కడ వాడి బానిస వాడికి మిగిలాడు. ఇక్కడ వాడు కొట్టినా తిట్టినా అడిగే చట్టం లేకుండా పోయింది.

మేం బడిపంతుళ్లం. అడ్మిషన్ రిజిస్టరు రాసేవాళ్లం. పిల్లాడి పేరు శామ్యూలు అంటారు, తల్లి పేరు మరియమ్మ అంటారు. మతం అన్న గడి దగ్గరకొచ్చేసరికి తండ్రి గొంతు తగ్గిపోద్ది. హిందూ అని రాయండి సార్ అంటాడు. క్రైస్తవం అని రాస్తే ఎస్సీ హక్కులన్నీ పోయి, 1 శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ మిగుల్తుంది. ఆ తండ్రిని అబద్ధాలకోరు అనడానికి మాకు నోరు రాదు. అబద్ధం ఆయనది కాదు, ఆ గడి పెట్టినవాళ్లది.

ఆ రాయించుకున్న కాగితమైనా కాపాడుతుందా? బాపట్ల జిల్లా పిట్టలవానిపాలెం మండలంలో ఒక పాస్టరుగారు తనని కులం పేరుతో తిట్టి కొట్టారని కేసు పెట్టారు. 2025లో మన హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. మతం మారిన రోజే ఆయన ఎస్సీ కాకుండా పోయాడు, అత్యాచారాల నిరోధక చట్టం ఆయనకి వర్తించదు అంది. కుల సర్టిఫికెట్టు ఉన్నా అక్కరకి రాలేదు. మేం అడిగేది ఒక్కటే. కులం పేరెత్తి తిట్టేవాడు ముందు చర్చికెళ్లి బాప్తిస్మం రిజిస్టరు తిరగేసి వస్తాడా?

కారంచేడులో ఎవరు తిరగేశారు? 1985 జూలై 17న మాదిగపల్లె మీద కమ్మ భూస్వాములు పడి ఆరుగురిని చంపారు. అంతకుముందు మంచినీళ్ల చెరువు పాడు చేయొద్దని బిందె ఎత్తి ఎదిరించిన ఆడకూతురి పేరు మున్నంగి సువార్త. చనిపోయినవాళ్లలో ఇద్దరి పేరు మోషే. బతికినవాళ్లు చీరాల వెళ్లి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. బైబిల్లోంచి పెట్టుకున్న ఆ పేర్లు గొడ్డలికి అడ్డం పడలేదు.

ఆ నెత్తురు ఆరకముందే, అదే ఏడాది సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. మద్రాసులో చెప్పులు కుట్టుకుని బతికే సూసై అనే క్రైస్తవుడు వేసిన కేసది. మతం మారాక కూడా కులం కష్టాలు అంతే తీవ్రంగా ఉన్నాయనడానికి రుజువు చాలదు అంది. కారంచేడు సమాధుల్ని మించిన రుజువు ఇంకేం కావాలి? 1991 ఆగస్టు 6న మన తెనాలి పక్క చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేసినప్పుడూ ఎవరిది ఏ మతమని ఎవరూ అడగలేదు. 1989 అత్యాచారాల చట్టం రావడానికి కారంచేడు పోరాటం ఒక బలమైన కారణం. చట్టం తెచ్చిన నెత్తురుకే ఇవాళ ఆ చట్టం వర్తించదంటున్నారు.

నల్లవాళ్ల గొడవ రంగుది, మనది కులం, రెంటికీ ఏం పోలిక అని కొందరు అడుగుతారు. 1917లో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ పంచములం కాదు, ఆది ఆంధ్రులం, ఈ నేలకి మొదటివాళ్లం అని చాటింది. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1936లో వేరే మాట చెప్పారు. పంజాబు బ్రాహ్మడికీ పంజాబు చమారుకీ జాతిలో తేడా లేదు, కులం రక్తం వల్ల పుట్టింది కాదు అన్నారు. ఈ రెంటిలో ఏది ఒప్పుకున్నా తేలేది ఒకటే. మనిషిని వాడు చేసిన పనిని బట్టి కాక పుట్టిన ఇంటిని బట్టి కొలుస్తున్నారు. 1965 నాటి ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష వ్యతిరేక ఒప్పందంలో రంగుతోపాటు పుట్టుక అన్న మాట కూడా ఉంది. ఆ మాటలోకి కులమూ వస్తుందని 2002లో సమితి కమిటీ తేల్చింది. అంతకు ఏడాది ముందు దర్బన్ మహాసభలో కులం ఊసు రాకుండా చూడటానికి మన ప్రభుత్వమే నానా తంటాలు పడింది.

1959లో మార్టిన్ లూథర్ కింగ్ మన దేశం వచ్చినప్పుడు, కేరళలో దళిత పిల్లలు చదివే బడిలో ఆయన్ని అమెరికా అంటరానివాడిగా పరిచయం చేశారు. మొదట ఆయనకి చివుక్కుమంది. తర్వాత ఆలోచించుకుని, నిజమే, నేనూ అంటరానివాణ్ణే, నా దేశంలో ప్రతి నల్లవాడూ అంటరానివాడే అనుకున్నారు. పాస్టరైన ఆయనే తర్వాత ఈ సంగతి చర్చిలో ప్రసంగపీఠం మీంచి చెప్పారు.

నల్లవాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. యజమానులు నోవహు శాపం చూపించి, మీరు పుట్టుకతోనే దాసులు, దేవుడే రాశాడు అన్నారు. మనకి మనుధర్మం చూపించినట్టే. నల్లవాళ్లు అదే బైబిలు తీసుకుని నిర్గమకాండం తెరిచారు. దేవుడు ఫరో పక్షాన లేడు, ఇటుకలు చేసేవాళ్ల పక్షాన ఉన్నాడని చదువుకున్నారు. మోషే కూషు దేశపు నల్లామెని చేసుకున్నాడని తప్పుపట్టిన మిర్యాముకి కుష్ఠు వచ్చిన సంగతీ అందులోనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో ఫిలడెల్ఫియా చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్న నల్లవాళ్లని, ఇది మీ చోటు కాదని లేపేశారు. వాళ్లు లేచి బయటికి నడిచారు. రిచర్డ్ అలెన్ నాయకత్వంలో 1816లో వాళ్ల సొంత సంఘం నిలబడింది. నూటయాభై ఏళ్ల తర్వాత పౌరహక్కుల ఉద్యమం నడిచింది అట్లాంటి నల్లవాళ్ల చర్చీల మీదే.

దక్షిణాఫ్రికా కథ ఇంకా చూడాల్సింది. 1857లో అక్కడి డచ్చి చర్చి, కొందరి బలహీనతని బట్టి నల్లవాళ్లకి వేరే ఆరాధన పెట్టుకోవచ్చని తీర్మానించింది. కొందరి బలహీనత అంటే నల్లవాళ్ల పక్కన కూచోలేని తెల్లవాళ్ల బలహీనత. ఆ చిన్న వెసులుబాటే పెరిగి పెరిగి జాతి వేర్పాటుకి దేవుడి పేరున సమర్థన అయింది. 1982లో బెల్హార్‌లో మిశ్రమజాతుల సంఘం కూచుని విశ్వాసప్రకటన రాసుకుంది. మనుషుల్ని జాతిని బట్టి విడగొట్టే బోధ సువార్త కాదు అని తేల్చింది.

ఇక మన సంగతి. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర వెలంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. కూటికోసం మతం మారారనే వాళ్లకి ఒక మాట. కరువు రోజుల్లో క్లౌ దొర బకింగ్‌హాం కాలవ పని ఇప్పించినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కూలి ఆగాకే, జనం తమంతట తాము వచ్చాకే ఇచ్చాడు. వాళ్లు అడిగింది కూడు కాదు, మనిషి పేరు.

ఆ మనవలు ఇవాళ ఎట్లా ఉన్నారు? మా మంగళగిరి నుంచి దుగ్గిరాల, తెనాలి దాకా పల్లెలు తిరగండి. చాలాచోట్ల మాలపల్లెలో ఒక గుడి, మాదిగపల్లెలో ఒక గుడి. సమాధుల దొడ్లు వేరు. పిల్లనిచ్చే మాటొస్తే రక్షణ పొందిన కుటుంబం అని మొదలుపెట్టి చివరికి ఏ పల్లె అని అడుగుతారు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఎస్సీ వర్గీకరణకి దారి తెరిచింది. ఎవరి వాటా ఎంతని మాలమాదిగలు వాదించుకోవచ్చు, అది హక్కుల లెక్క. ప్రభువు బల్ల దగ్గర రొట్టెకి మాత్రం వర్గీకరణ లేదు.

అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తింటూ, పెద్దలు వచ్చేసరికి జంకి బల్ల దగ్గర్నుంచి తప్పుకున్నాడు. పౌలు చాటుగా బుజ్జగించలేదు. అందరి ముందూ ముఖం మీదే నిలదీశాడు. సహపంక్తిని విడిచినవాడు సువార్తనే విడిచాడని ఆయన లెక్క. ఆదివారం ఈ భాగం చదివినప్పుడు మన అయ్యగార్లు కులం పేరెత్తి ఎందుకు చెప్పరు?

పైగా మన సంఘాల పెద్దలకి రెండు నాలుకలున్నాయి. ఢిల్లీ ధర్నాలో, మతం మారినా కులం పోలేదు, ఎస్సీ హోదా ఇవ్వండి అంటారు. ఇంటికొచ్చాక, ప్రభువులో కులం లేదు, ఆ మాట ఎత్తకండి అంటారు. మన లోపాలు బయటపెడితే శత్రువు చేతికి కత్తి ఇచ్చినట్టే అని కూడా అంటారు. దాచినదే శత్రువుకి కత్తి. మీలో కులం లేదుగా, ఇంకా హక్కులెందుకు అని వాడు అడిగేది మనం దాచుకున్న చోట నిలబడే. కులం అగ్రకులం చేసిన జబ్బు, మనలోకీ పాకింది, మేం దాంతో పోరాడుతున్నాం అని చెప్పినవాడి మాటకే బలం. గుడిలో వివక్ష తీవ్రమైన పాపమని 2016లో కతోలిక బిషప్పులు రాశారు. 2022లో పూల ఆంతోని గారు మొట్టమొదటి దళిత కార్డినల్ అయ్యారు. మంచిదే. కాగితం మీది మాట పల్లెలో సమాధుల దొడ్డి గోడ దాకా రావాలి.

1950 ఉత్తర్వు మీద పోరు ఆగకూడదు. ఎస్సీ హోదా ఇమ్మని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2009లో, 2023లో మన శాసనసభ తీర్మానాలు చేసి పంపింది. కేంద్రం 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేసి గడువులు పొడిగించింది. ప్రతి ఆగస్టు 10న నల్ల బ్యాడ్జీ పెట్టుకుని రోడ్డెక్కుదాం. అదే వారం ఆదివారం నాడు ఇంకో పని చేద్దాం. మాలపల్లె సంఘం మాదిగపల్లె గుడికి నడిచి వెళ్లాలి, తర్వాతి వారం వాళ్లు ఇటు రావాలి. ఒకే రొట్టె, ఒకే గిన్నె. సంఘ కమిటీలో రెండు పల్లెలవాళ్లూ, ఆడవాళ్లూ కూచోవాలి. సమాధుల దొడ్డికి మధ్యగోడ ఉంటే కూలగొట్టాలి, లేనిచోట కట్టనియ్యకూడదు.

అక్కలారా, అన్నలారా! సంకెళ్లు తెంచలేని బాప్తిస్మాన్ని నల్లవాళ్లు ఒప్పుకోలేదు. హక్కులు తెంచే బాప్తిస్మాన్ని ఢిల్లీ దగ్గరా, అంటు కడగలేని బాప్తిస్మాన్ని మన గుడి దగ్గరా మనమూ ఒప్పుకోవద్దు. ఈ రెండు పోరాటాలూ ఒకటే.

జై భీమ్!