లినెన్ చొక్కా – వేసవి మర్యాద

ఎండాకాలం వచ్చిందంటే మగవాడికి రెండు కోరికలు పుడతాయి. ఒకటి, ఒంటికి చల్లగా ఉండాలి. రెండు, నలుగురిలో దర్జాగా కనబడాలి. ఈ రెండూ ఒక్క చొక్కాతో తీరిపోవాలనుకున్నవాడు ఇప్పుడు లినెన్ చొక్కా కొంటున్నాడు. ఒకప్పుడు ఇది బెజవాడ బట్టల కొట్లలో అద్దాల వెనక మాత్రమే కనబడేది. ఇప్పుడు మా విస్సన్నపేటలో వైశాఖమాసపు పెళ్ళిపందిట్లో నిలబడి చూడండి. ఏ వరసలో చూసినా ఒకరి ఒంటిమీద అదే. లేత నీలం, లేత పసుపు, పిస్తా రంగు. ముహూర్తం వేళకు అందరూ అప్పుడే విచ్చిన పువ్వుల్లా వస్తారు. రెండో బంతి భోజనాల వేళకు ఆ పువ్వులు ఏమవుతాయన్నదే ఈ వారం ముచ్చట.

ముందు వంశచరిత్ర. లినెన్ అంటే అవిసె మొక్క కాండం నుంచి తీసిన నార. మనం గింజలు వేయించి కారప్పొడి కొట్టుకుంటామే, ఆ అవిసె. ఆకు కూర వండుకునే అవిసె చెట్టు వేరు. సంస్కృతంలో దీన్ని అతసి అంటారు. అమరకోశం దీనికే ఉమ, క్షుమ అని మరి రెండు పేర్లు చెప్పింది. ఆ క్షుమ నుంచి పుట్టినదే క్షౌమం. రాముడు వనవాసం కబురు చెప్పడానికి తల్లి దగ్గరికి వెళ్ళినప్పుడు కౌసల్య క్షౌమం కట్టుకొని హోమం చేయిస్తూ ఉంటుంది. క్షౌమమంటే పట్టుబట్ట అని మనం చెప్పుకోవడం తరవాతి అలవాటు. మాట పుట్టుక మాత్రం ఈ నారలోనే ఉంది.

ఈజిప్టువాళ్ళకు ఇదే ముఖ్యమైన బట్ట. 1922లో తూతంఖామెన్ సమాధి తెరిచినప్పుడు మూడువేల ఏళ్ళు దాటిన లినెన్ బట్టలు దొరికాయి. తమ శవాలకు వాళ్ళు చుట్టింది కూడా లినెనే. అక్కడ దీనిమీద ఫిర్యాదు రాకపోవడానికి కారణం స్పష్టమే. ఆ కట్టుకున్నవారు మళ్ళీ లేవలేదు, కూర్చోలేదు, నూజివీడు బస్సెక్కలేదు.

లినెన్‌లో సుగుణం లేదని నేననను. గాలిలోని తేమను అది తన బరువులో నూటికి సుమారు 12 వంతులు పీల్చుకోగలదు. నూలుబట్ట సుమారు ఎనిమిది వంతులు. పాలియెస్టర్ అర వంతు కూడా పీల్చుకోదు. మా తండ్రుల కాలంలో టెర్లిన్ చొక్కా వచ్చినప్పుడు, నలగదు, ఇస్త్రీ అక్కర్లేదు అని ఊరంతా మురిసిపోయింది. లోపల మనిషి మాత్రం ఆవిరికుడుములా ఉడికాడు. లినెన్ దానికి పూర్తిగా ఎదురు. చెమటను తాగుతుంది, త్వరగా ఆరుతుంది, ఒంటికి అంటుకోదు. పైగా కొత్తలో కాస్త గరుకుగా ఉన్నా, ఉతికినకొద్దీ మెత్తబడుతుంది. ఇంతవరకూ కొట్టువాడు చెప్పేది నిజమే.

అతడు చెప్పనిది ఇప్పుడు చెప్పుకుందాం.

మొదటిది మడత. అవిసెనార గట్టిది, కాని సాగదు. నూరు అంగుళాల పోగును లాగితే రెండు మూడు అంగుళాలు సాగేలోపే తెగుతుంది. పత్తిపోగు దానికి దాదాపు రెట్టింపు సాగుతుంది. సాగనిది వంగితే మళ్ళీ తనంతట తాను తిన్నగా కాదు. అందుచేత తిరువూరులో బస్సెక్కి విస్సన్నపేటలో దిగేటప్పటికి వీపుమీద ఆ సీటు తాలూకు చరిత్ర అంతా అచ్చుపడి ఉంటుంది. మోచేతి వంపులో ఒక పంకా, పొట్టమీద నాలుగు అడ్డగీతలు. ఇది నాసిరకం బట్ట లక్షణం కాదు. ఎంత అసలైనదైతే అంత నలుగుతుంది.

రెండోది చెమట. తాగిన నీటిని దాచుకోవడం దానికి చేతకాదు. లేత నీలం చొక్కాకు చంకల్లోను, వీపుమీదను ముదురు నీలం పటాలు ఏర్పడతాయి. తెల్లది వేసుకుందామంటే, వేసవికని పలచగా నేసినది గనక లోపలి బనీనుమీది చిరుగు కూడా ఎదటివాడు లెక్కపెట్టగలడు.

మూడోది మా ప్రాంతానికి ప్రత్యేకం. నూజివీడు, విస్సన్నపేట, తిరువూరు అంటే మామిడితోటలు. వేసవిలో మా ఇళ్ళల్లో అతిథికి మొదటి మర్యాద చిన్నరసం. రసం కోసుకు తినే పండు కాదు, పిసికి జుర్రుకోవలసినది. మోచేతిదాకా కారకపోతే తిన్నట్టే కాదు. ఆ మరక ఒక ఎత్తు. తోటలో కాయ కోసేటప్పుడు తొడిమ దగ్గర చిమ్మే జీడి ఇంకొక ఎత్తు. అది పడ్డచోట గోధుమరంగు మచ్చ చొక్కాతోపాటే బతుకుతుంది. అంత ఖరీదు చొక్కా వేసుకొని రసం ముందు కూర్చున్నవాడు పండు తింటున్నాడో పరీక్ష రాస్తున్నాడో తెలియదు.

ఇక ఖరీదు. మనదేశంలో అవిసెను గింజకోసమే ఎక్కువగా పండిస్తారు. మంచి నారకు చల్లని, తడి వాతావరణం కావాలి. అందుకని ఫ్రాన్సు, బెల్జియం వంటి దేశాలనుంచి అది ఓడలెక్కి రావాలి. కలకత్తా దగ్గర రిష్రా వంటిచోట్ల దారంగాను బట్టగాను మారి మన దర్జీ బల్లమీదికి చేరుతుంది. ఆ ప్రయాణం ఖర్చులన్నీ మన జేబులోవే. ఇంత ఖరీదు ఉన్నచోట నకిలీ ఉండక తప్పదు. లినెన్ పేరుతో పాలియెస్టర్ కలిపిన బట్ట దొరుకుతుంది. ఒక పోగు పీకి వెలిగించి చూడండి. అసలైనది కాగితం కాలిన వాసన వేసి బూడిదవుతుంది. పాలియెస్టర్ కలిసినది కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది.

ఈ ఖరీదు తలుచుకుంటే నాకు బందరు గుర్తొస్తుంది. 2022లో మేము ఎన్.టి.ఆర్. జిల్లాలోకి మారేదాకా మా జిల్లా ముఖ్యపట్టణం అదే. 1611లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు అక్కడ స్థావరం పెట్టుకున్నది మన నూలుబట్టలకోసం. అప్పటిదాకా ఐరోపావాళ్ళ ఒంటికి తగిలే బట్ట లినెన్. మన నూలు, అద్దకం వెళ్ళేసరికి ఉతకడానికి తేలిక, చూడడానికి సొగసు అని జనం ఎగబడ్డారు. తమ నేతగాళ్ళు గోలపెడితే లండను పార్లమెంటు 1700లో అద్దకపు బట్టల దిగుమతిని అడ్డుకొని, 1721లో వాటిని కట్టుకోవడమే నేరం చేసింది. అంటే, లినెన్ ఒంటిమీద ఉన్నవాళ్ళు మన నూలుకోసం చట్టాన్ని కూడా ఖాతరు చెయ్యలేదు. పెడనలోను మంగళగిరిలోను మగ్గాలు పెట్టుకొని మనం ఇప్పుడు వాళ్ళ లినెన్ కొంటున్నాం. పొరుగింటి పుల్లకూర సామెత రెండువైపులా పనిచేస్తుందన్నమాట.

ఇవన్నీ కట్టుకున్నవాడి కష్టాలు. అసలు కష్టం ఇంకొకరిది.

మీ ఇంట్లో కరెంటు ఇస్త్రీపెట్టె ఉంటే దాని చక్రం ఒకసారి చూడండి. నైలాను దగ్గర మొదలై, పట్టు, ఉన్ని, నూలు దాటి, చాలా పెట్టెలమీద ఆఖరి గీత దగ్గర లినెన్ అని ఉంటుంది. అంటే సుమారు రెండువందల డిగ్రీలు. నీళ్ళు చల్లాలి, చల్లిన నీళ్ళు ఆరిపోతాయని ఫాను ఆపాలి. కిందటి రోహిణీకార్తెలో మా బావమరిది హైదరాబాదు నుంచి వచ్చాడు. మర్నాడు పెళ్ళి. "అక్కా, ఈ చొక్కా కొంచెం ఇస్త్రీ చేసిపెట్టవూ" అన్నాడు. మా ఆవిడ పెట్టె తెచ్చి వాడి చేతిలోనే పెట్టింది. "చల్లటి చొక్కా నీదేగా, దాని వేడికూడా నువ్వే చూడరా" అంది. పావుగంట తరవాత వాడు గది తలుపు తీసుకొని బయటికి వచ్చాడు. చొక్కా పొడిగా, పెళపెళలాడుతూ ఉంది. బనీను పిండితే చెంబుడు నీళ్ళు వచ్చేట్టుంది.

వాడికి అక్క ఉంది గనక పాఠం ఇంట్లోనే అయింది. చాలామంది చొక్కాలు వీధి చివరికి పోతాయి. మా వీధి చివర వేపచెట్టు కింద బండి పెట్టుకొని ఒకామె ఇస్త్రీ చేస్తుంది. బొగ్గులపెట్టె, ఐదారు కిలోల బరువు. మే నెల మధ్యాహ్నం పైన ఎండ, కింద నిప్పులు. లినెన్ సంగతి అడిగాను. "మూడు నూలు చొక్కాలయ్యే సేపు అదొక్కటే పడుతుంది మేస్టారూ. నీళ్ళు చల్లి రెండుమాట్లు లాగాలి. డబ్బులు మాత్రం చొక్కా లెక్కనే గదండీ ఇస్తారు" అంది. కోపంగా అనలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది.

నాకు ఆ లెక్కే నచ్చింది. లినెన్ వేడిని పోగొట్టదు, చేతులు మారుస్తుంది. పందిట్లో పెద్దమనిషి "ఆహా, ఎంత చల్లగా ఉంది" అని కాలరు సర్దుకుంటున్నాడంటే, అతడి వాటా వేడిని పొద్దున్నే ఎవరో ఒకరు భరించి ఉంటారు. ఆ భరించినవారికి అందులో చల్లదనం వాటా రాలేదు.

అయితే మానెయ్యమంటారా అని మీరు అడగవచ్చు. అక్కర్లేదు. కొనేవారు దర్జీకిచ్చే ముందు బట్టను ఒక రాత్రి నానబెట్టి ఆరెయ్యండి. కుంచించుకుపోయేదేదో కుట్టకముందే పోతుంది. గంజి పెట్టకండి. ఉతికినదాన్ని గట్టిగా పిండకుండా, దులిపి హాంగరుకు వెయ్యండి. సగం మడతలు వాటంతటవే సర్దుకుంటాయి. బీరువాలో ఎప్పుడూ ఒకే గీతమీద మడతపెడితే ఆ గీత దగ్గరే బట్ట చివుకుతుంది. కాలరుకు, చేతిపట్టీలకు ముందుగా వచ్చే జబ్బు అదే. ఇస్త్రీ తప్పనిసరి అయితే తడి ఆరకముందే, తెల్లవారుజామున చేసుకోండి. బండికి పంపితే మూడు చొక్కాల కూలి ఇవ్వండి. అది దానం కాదు, పట్టిన సేపటికి ధర.

అన్నిటికంటె సుఖమైన మార్గం ఇంకొకటుంది. నలిగిన చొక్కాతోనే బయలుదేరడం. లినెన్‌కు నలగడం స్వభావం. నలగని మర్యాదే కావలసినవారికి నూలు ఉంది, సగం కష్టంతో సరిపోతుంది. వచ్చే పెళ్ళిళ్ళలో వీపునిండా మడతలతో, రసం చుక్కతో, హాయిగా నవ్వుతూ భోజనం చేస్తున్న పెద్దమనిషి ఎవరైనా కనబడితే, ఈయన మన పత్రిక చదువుతారు కాబోలు అనుకొని నేనే వెళ్ళి పలకరిస్తాను.