గోధుమకు నత్రజని శత్రువు కాదు

యూరియా గోధుమ గింజ నాణ్యతను చెడగొడుతుందని గత ఆదివారం మీ వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. యూరియా అందించేది నత్రజనే, అది లేనిదే మాంసకృత్తులు లేవు. ప్రయోగశాలలో గోధుమ మాంసకృత్తులను లెక్కగట్టేదే నత్రజని శాతాన్ని 5.7తో హెచ్చవేసి! నత్రజని తగ్గితే గ్లూటెన్ తగ్గుతుంది, పిండికి సాగే గుణం పోతుంది. చూడాల్సింది అదును. పిలకల దశలో వేసిన నత్రజని ముఖ్యంగా దిగుబడిని పెంచుతుంది. పూతకు దగ్గరగా అందింది ఎక్కువగా గింజలో మాంసకృత్తులుగా చేరుతుంది. మోతాదు మించితే పైరు పడిపోతుంది, గింజ సరిగా నిండదు, నిజమే. అందుకని ఎరువే మానేయమంటే రైతు దిగుబడీ నాణ్యతా రెండూ పోగొట్టుకుంటాడు. భూసార పరీక్ష చూసుకుని విడతలుగా వేయమని దయచేసి సవరణ ప్రచురించండి.

– ఒక గోధుమ రైతు, జహీరాబాద్